లాంబ్డా రిప్రెసర్: ఆపేదీ అదే, నడిపేదీ అదే. ఎలా?

అడిగిన ప్రశ్న ఇది: "ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. లాంబ్డా ఫేజ్‌లోని సీ-వన్ ప్రొటీన్‌ను రిప్రెసర్ అంటారు, అంటే జన్యువులను ఆపేది. కానీ అదే ప్రొటీన్ తన జన్యువును తానే ఆన్ చేసుకుంటుందని కూడా పుస్తకంలో ఉంది. రెండు పనులూ ఒకటే ఎలా చేస్తుంది? అది జంటగానే ఎందుకు ఉండాలి? యూవీ పడగానే ఎలా తెగిపోతుంది? నిర్మాణం ఒక చాప్టర్‌లో, పని ఇంకో చాప్టర్‌లో చదివాను. రెండూ కలవడం లేదు. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది."

మీరు చివర్లో చెప్పిన మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఈ ప్రొటీన్‌లో నిర్మాణం వేరుగా, పని వేరుగా చదివితే రెండూ బట్టీ పట్టాల్సి వస్తుంది. కలిపి చూస్తే పెద్దగా గుర్తుపెట్టుకోవాల్సిందేమీ ఉండదు. దాని ఆకారం చూస్తే అది ఏం చేయగలదో, ఎక్కడ తెగుతుందో తెలిసిపోతుంది. నేను చాలా ఏళ్లు ఈ ఫేజ్‌తో, అంటే బ్యాక్టీరియాకు సోకే ఈ వైరస్‌తో, పనిచేశాను, పాఠం కూడా చెప్పాను. కాబట్టి నాకు అర్థమైన వరుసలో చెబుతాను. పుస్తకం వరుస ఇది కాదు.

ముందు కంటికి కనబడేది చూద్దాం. పెట్రీ డిష్‌లో ఇ.కోలై బ్యాక్టీరియాను మూతలా పరుచుకునేలా పెంచి, దాని మీద కొద్దిగా ఫేజ్ కలిపితే, మర్నాడు పొద్దునకి ఆ తెల్లటి పొరలో గుండ్రటి చిన్న చిన్న ఖాళీలు కనబడతాయి. వాటిని ప్లాక్‌లు అంటాం. ఒక్కో ప్లాక్ దగ్గర ఒక్క ఫేజ్ మొదలుపెట్టి, తరాల తరబడి పక్క కణాలను పగలగొట్టుకుంటూ పోయింది. చాలా ఫేజ్‌లకు ఆ ఖాళీ అద్దంలా తేటగా ఉంటుంది. లాంబ్డా ప్లాక్ అలా ఉండదు. డిష్‌ను వెలుతురుకు పట్టి చూస్తే మధ్యలో పలచటి మసక ఉంటుంది. ఆ మసక బతికి ఉన్న బ్యాక్టీరియా. వాటిలోకి ఫేజ్ వెళ్లింది గానీ చంపలేదు. తన డీఎన్‌ఏను వాటి క్రోమోజోమ్‌లో కలిపేసి నిద్రపోయింది. ఆ నిద్రావస్థలో ఉన్న కణాన్నే లైసోజెన్ అంటాం. పైనుంచి ఇంకో లాంబ్డా వచ్చి పడినా ఆ కణానికి ఏమీ కాదు.

కొన్ని మ్యూటెంట్ లాంబ్డాలకు ఆ మసక రాదు, ప్లాక్ పూర్తిగా తేటగా ఉంటుంది. అంటే వాటికి నిద్రపోవడం చేతకాదు. 1957లో డేల్ కైజర్ అలాంటి మ్యూటెంట్లను మూడు గుంపులుగా విడదీశాడు: సీ-వన్, సీ-టూ, సీ-త్రీ. సీ అంటే 'క్లియర్', తేట ప్లాక్. రాసేటప్పుడు పక్కన రోమన్ అంకె వేస్తారు కాబట్టి చాలామంది దాన్ని 'సీ-ఐ' అని చదువుతారు. అది సీ-వన్. వైవాలో ఇది ఉపయోగపడుతుంది.

ఈ మూడింటిలో సీ-టూ, సీ-త్రీ నిద్రలోకి వెళ్లేటప్పుడే కావాలి. నిద్రలో ఉన్నంతకాలం ఫేజ్‌ను పట్టి ఉంచేది సీ-వన్ ఒక్కటే. లాంబ్డా డీఎన్‌ఏ పొడవు 48,502 బేస్ జతలు. అందులో తలకు, తోకకు, కణాన్ని పగలగొట్టడానికి, డీఎన్‌ఏను నకలు తీయడానికి కావాల్సిన జన్యువులన్నీ ఉన్నాయి. అవన్నీ నోరు మూసుకుని కూర్చోవాలంటే సీ-వన్ రెండే రెండు చోట్ల కూర్చుంటే చాలు. ఎందుకంటే ఎడమ వైపు ఒక ప్రమోటర్ (జన్యువులను చదవడం మొదలయ్యే చోటు), కుడి వైపు ఒక ప్రమోటర్, ఈ రెండూ మొదలైతేనే మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. పై రెండు కుళాయిలు కట్టేస్తే కింద పైపుల్లో నీళ్లు రావు.

ఇలాంటి రిప్రెసర్ ఒకటి ఉంటుందని పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మొనో ముందే ఊహించారు. కానీ అది దేనితో తయారైందో, డీఎన్‌ఏను నేరుగా పట్టుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఇ.కోలైలో లాక్టోజ్ జన్యువులను ఆపే లాక్ రిప్రెసర్‌ను 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ పట్టుకున్నారు. 1967లో హార్వర్డ్‌లో మార్క్ టాష్నీ లాంబ్డా రిప్రెసర్‌ను వేరుచేశాడు. ఆయన ఎంత కష్టమైన పని చేశాడో చూడండి. ఒక్క లైసోజెన్ కణంలో ఈ ప్రొటీన్ సుమారు 200 అణువులే ఉంటాయి. చుట్టూ లక్షల కొద్దీ వేరే ప్రొటీన్లు. ఆయన బ్యాక్టీరియాకు గట్టిగా యూవీ కొట్టి వాటి సొంత ప్రొటీన్ తయారీని దాదాపు ఆపేశాడు. తర్వాత ఎక్కువ సంఖ్యలో ఫేజ్‌లను ఎక్కించి, రేడియోధార్మిక అమైనో ఆమ్లాలు ఇచ్చాడు. అప్పుడు కొత్తగా తయారయ్యేది ఎక్కువగా ఫేజ్ ప్రొటీనే. సీ-వన్ ఉన్న ఫేజ్‌కు ఒక ఐసోటోప్, సీ-వన్ చెడిపోయిన ఫేజ్‌కు ఇంకో ఐసోటోప్ ఇచ్చి, రెండింటినీ కలిపి ప్రొటీన్లను విడదీసే కాలమ్ మీద వేస్తే, ఒక దాంట్లో ఉండి ఇంకో దాంట్లో లేని ఒక్క శిఖరం కనబడింది. అదే రిప్రెసర్. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అది లాంబ్డా డీఎన్‌ఏతో కలిసి అడుగుకు దిగింది. రిప్రెసర్ కూర్చునే చోటు వేరేగా ఉన్న దగ్గరి బంధువు ఫేజ్ డీఎన్‌ఏతో కలిసి దిగలేదు. అంటే అది ప్రొటీన్, డీఎన్‌ఏను నేరుగా పట్టుకుంటుంది, అదీ ఎంచి పట్టుకుంటుంది. మూడు జవాబులూ ఒక్క ఏడాదిలో వచ్చాయి.

ఇక నిర్మాణం. ఇందులో 236 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. కావడి ఊహించుకోండి: రెండు చివర్ల రెండు కుండలు. అయితే మధ్యలో ఉన్నది గట్టి బద్ద కాదు, వంగే తాడు. 1 నుంచి 92 దాకా ఒక కుండ, దాన్ని ఎన్-డొమైన్ అంటాం. 132 నుంచి 236 దాకా రెండో కుండ, సీ-డొమైన్. మధ్య సుమారు నలభై అమైనో ఆమ్లాలు తాడు. ఇలా రెండు ముక్కలున్నాయని 1979లో తెలిసింది. బొప్పాయి నుంచి వచ్చే పపైన్ ఎంజైమ్ వేస్తే అది తాడును కొరికేసింది గానీ కుండలను ముట్టుకోలేదు. విడిపోయిన ఎన్-ముక్క ఒంటరిగానే డీఎన్‌ఏను గుర్తుపట్టింది, కానీ పట్టు బలహీనం. సీ-ముక్కకు డీఎన్‌ఏతో పనే లేదు, అది ఇంకో సీ-ముక్కను పట్టుకుంటుంది. డీఎన్‌ఏను ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది ఒకదానికి, తోటివాళ్లతో చేతులు కలపడం తెలిసింది ఇంకోదానికి. ఈ విభజన మనసులో పెట్టుకుంటే మీ మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

ఎన్-డొమైన్‌లో ఐదు ఆల్ఫా హీలిక్స్‌లు, అంటే స్ప్రింగులా చుట్టుకున్న ముక్కలు, ఉన్నాయి. రెండోది, మూడోది కలిసి మనం హీలిక్స్-టర్న్-హీలిక్స్ అనే అమరిక. మూడో హీలిక్స్ డీఎన్‌ఏ వెడల్పాటి గాడిలో సరిగ్గా దిగుతుంది. రెండోది దాని పైన అడ్డంగా పడి, డీఎన్‌ఏ వెన్నును ఆనుకుని, దాన్ని కదలకుండా ఉంచుతుంది. మూడో హీలిక్స్ మొదట్లో, 44వ స్థానంలో ఒక గ్లుటమిన్ ఉంది. అది ఆపరేటర్‌లో, అంటే డీఎన్‌ఏ మీద రిప్రెసర్ కూర్చునే చోటులో, రెండో బేస్ జతలోని ఎడినైన్‌ను రెండు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. 33వ గ్లుటమిన్ పక్కనుంచి వచ్చి ఆ 44వ దానికి ఆసరా ఇస్తుంది, తను వెన్ను మీద ఒక ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది. 45వ సెరీన్ నాలుగో జతలోని గ్వానైన్‌ను పట్టుకుంటుంది. 1988లో జోర్డాన్, పాబో ప్రొటీన్‌నూ డీఎన్‌ఏనూ కలిపి స్ఫటికంగా చేసి చూసినప్పుడు ఇవి ఒక్కొక్కటీ కళ్లకు కట్టాయి. డీఎన్‌ఏ జిప్పు విప్పకుండా, బయటి గాడి నుంచి వేలితో తడిమి అక్షరాలు చదవడం ఇది.

పుస్తకాలు తరచూ వదిలేసే ఒక అందమైన విషయం ఉంది. ప్రొటీన్ మొట్టమొదటి ఆరు అమైనో ఆమ్లాలు ఏ హీలిక్స్‌లోనూ లేవు. అవి ఒక చెయ్యిలా డీఎన్‌ఏ చుట్టూ తిరిగి వెనక వైపు గాడిని పట్టుకుంటాయి. ఆ చేతిలో వరుసగా మూడు లైసీన్లు ఉన్నాయి, అంటే మూడు ధనావేశాలు. డీఎన్‌ఏ వెన్ను రుణావేశం కాబట్టి అక్కడ గట్టిగా అంటుకుంటుంది. ఆ చెయ్యి కత్తిరించేస్తే పట్టు బాగా సడలుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: జంట ఎందుకు? ఆపరేటర్ ఒక్కొక్కటి 17 బేస్ జతలు. దాని ఎడమ సగాన్ని ఒక తంతువు మీద, కుడి సగాన్ని ఎదుటి తంతువు మీద చదివితే ఇంచుమించు ఒకేలా ఉంటాయి. జంటలోని రెండు అణువులు ఒకదానికొకటి ఎదురుగా తిరిగి ఉన్నాయి. వాటి మూడో హీలిక్స్‌ల మధ్య దూరం 34 ఆంగ్‌స్ట్రాంలు. డీఎన్‌ఏ ఒక పూర్తి చుట్టు తిరిగే పొడవు కూడా అంతే. అందుకే రెండు హీలిక్స్‌లూ డీఎన్‌ఏ ఒకే ముఖం మీద, పక్కపక్క గాడుల్లో ఒకేసారి దిగుతాయి. ఒంటి అణువు ఒక్క సగాన్నే పట్టుకోగలదు, అది జారిపోతుంది. జంట రెండు చేతులా పట్టుకుంటుంది. ఆ రెండు అణువులనూ జంటగా కట్టి ఉంచేది ముఖ్యంగా సీ-డొమైన్లే. ఇది గుర్తుంచుకోండి, యూవీ దగ్గర మళ్లీ వస్తుంది.

మొదటి ప్రశ్నకు, అంటే ఆపడం, నడపడం అన్నదానికి వద్దాం. కుడి ఆపరేటర్ దగ్గర పక్కపక్కనే మూడు చోట్లున్నాయి: ఓఆర్1, ఓఆర్2, ఓఆర్3. ఓఆర్1 వైపు నుంచి పీఆర్ అనే ప్రమోటర్ కుడికి మొదలై క్రో జన్యువును, దాని వెనక ఫేజ్‌ను పెంచే జన్యువులను చదివిస్తుంది. ఓఆర్3 వైపు నుంచి పీఆర్ఎమ్ అనే ప్రమోటర్ ఎడమకు మొదలై సీ-వన్ జన్యువును చదివిస్తుంది. రెండూ వీపు వీపు ఆనించుకుని, చెరో దిక్కుకూ తిరిగి ఉన్నాయి. సీ-వన్ జంటకు ఓఆర్1 అంటే మిగతా రెండింటి కన్నా పదింతలు ఇష్టం. మొదటి జంట ఓఆర్1 మీద కూర్చుంటుంది. అది కూర్చోగానే దాని సీ-డొమైన్ పక్కకు చెయ్యి చాపి ఇంకో జంటను ఓఆర్2 మీదకు లాగుతుంది. ఓఆర్2 సొంతంగా చూస్తే బలహీనమైన చోటే, కానీ పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకోవడం వల్ల దాదాపు ఓఆర్1తో పాటే నిండుతుంది. మధ్యలో తాడు వంగుతుంది కాబట్టే ఇలా పక్కకు ఒరిగి చేతులు కలపడం కుదురుతుంది.

ఈ రెండు జంటలూ పీఆర్ ప్రమోటర్ మీద కూర్చున్నాయి. జన్యువును చదివి ఆర్ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్ ఆర్ఎన్‌ఏ పాలిమరేజ్‌కు అక్కడ దిగడానికి చోటు లేదు. అది ఆపడం. ఇక ఓఆర్2 మీదున్న జంట ఎడమ భుజం దగ్గరే పీఆర్ఎమ్ ప్రమోటర్ ఉంది. అక్కడ పాలిమరేజ్ వచ్చి కూర్చుంటే దాని సిగ్మా ఉపభాగం సరిగ్గా ఈ భుజానికి తగులుతుంది. పీఆర్ఎమ్ బలహీనమైన ప్రమోటర్. పాలిమరేజ్ దాని మీద వాలుతుంది గానీ డీఎన్‌ఏ తంతువులు విప్పడానికి చాలాసేపు తీసుకుంటుంది. సీ-వన్ భుజం తగిలితే ఆ విప్పడం వేగం అందుకుంటుంది, సీ-వన్ తయారీ సుమారు పదింతలవుతుంది. అది నడపడం. రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడ్డ ఒకే మనిషి, ఒక గదిలోకి వచ్చేవాళ్లకు అడ్డం, రెండో గదిలోకి వచ్చేవాళ్లకు చెయ్యి అందించేవాడు. అదే ప్రొటీన్, అదే చోటు, అదే క్షణం. వేరే ఆకారం అక్కర్లేదు.

ఇది వట్టి ఊహ అనుకోకండి, రుజువు ఉంది. 1980ల మొదట్లో కొన్ని సీ-వన్ మ్యూటెంట్లు దొరికాయి. అవి డీఎన్‌ఏ మీద మామూలుగానే కూర్చుంటాయి, పీఆర్‌ను మామూలుగానే ఆపుతాయి. కానీ పీఆర్ఎమ్‌ను నడపవు. ఆ మార్పులు ఎక్కడున్నాయో చూస్తే 34, 38, 43 స్థానాల్లో, రెండో హీలిక్స్ దగ్గరే, పాలిమరేజ్ వైపు తిరిగి ఉన్న ముఖం మీద ఉన్నాయి. అక్కడ రుణావేశం ఉన్న గ్లుటమిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం ఉండాలి. సిగ్మా వైపు ధనావేశపు ఆర్జినిన్ ఎదురుగా ఉంటుంది. పట్టుకోవడం ఒక పని, నడపడం ఇంకో పని, రెండూ ఒకే ప్రొటీన్ మీద వేర్వేరు ముఖాలు. పరీక్షలో "ఒకే ప్రొటీన్ రెండు పనులు ఎలా" అని వస్తే ఈ మ్యూటెంట్ల పేరు ఎత్తండి. వాటిని పాజిటివ్ కంట్రోల్ మ్యూటెంట్లు అంటారు. వెయ్యి మాటల వర్ణన కన్నా ఆ ఒక్క ప్రయోగం బరువైనది.

ఓఆర్3 సంగతి కొంచెం ఆలస్యంగా తేలింది. సీ-వన్ మరీ పెరిగిపోతే ఓఆర్3 కూడా నిండి పీఆర్ఎమ్ ఆగిపోతుంది, అలా తన మోతాదును తానే అదుపులో పెట్టుకుంటుందని చాలా ఏళ్లు చెప్పుకున్నాం. కానీ లెక్క వేస్తే మామూలు లైసోజెన్‌లో ఉన్న మోతాదుకు ఓఆర్3 సరిగా నిండదు. 2001లో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ యూనివర్సిటీలో ఇయాన్ డాడ్, బ్యారీ ఈగన్ బృందం కారణం చూపించింది. సుమారు 2,400 బేస్ జతల దూరంలో ఎడమ ఆపరేటర్ కూడా ఉంది కదా, అక్కడా సీ-వన్ జంటలు కూర్చున్నాయి. మధ్యలో డీఎన్‌ఏ ఉచ్చులా వంగి ఈ చివరా ఆ చివరా దగ్గరకొస్తాయి. ఇక్కడి నాలుగు, అక్కడి నాలుగు, మొత్తం ఎనిమిది అణువులు సీ-డొమైన్లతోనే చేతులు కలుపుతాయి. ఆ ఉచ్చు పడ్డాక ఓఆర్3కి ఎదురుగా ఎడమ వైపు మూడో చోటు వచ్చి నిలుస్తుంది, అప్పుడు ఓఆర్3 తేలిగ్గా నిండుతుంది. మీ పుస్తకం పాత ఎడిషన్ అయితే ఈ ఉచ్చు బొమ్మ ఉండకపోవచ్చు. వేసి చూపించండి.

ఈ చేతులు కలపడం అంతా ఎందుకు? ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోండి, చేత్తోనే. ఒకే చోటు, దాని మీద ఒంటరిగా కూర్చునే ఒకే అణువు అనుకోండి. ఆ చోటు 99 శాతం సేపు నిండి ఉంది. దాన్ని 50 శాతానికి దించాలంటే ప్రొటీన్ మోతాదు 99 రెట్లు తగ్గాలి. అంటే స్విచ్ కాదు, మెల్లగా తగ్గే లాంతరు వత్తి. ఇప్పుడు నాలుగు అణువులు పూర్తిగా కట్టుగా, వస్తే నాలుగూ వస్తాయి, పోతే నాలుగూ పోతాయి అనుకోండి. అప్పుడు 99కి నాలుగో మూలం తీయాలి: సుమారు 3.15. మూడు రెట్లు తగ్గితే చాలు, పట్టు సగానికి పడిపోతుంది. నిజమైన సీ-వన్ ఈ ఆదర్శానికి కొంత ఇవతల ఉంటుంది, కానీ దిశ అదే. మామూలు ఒడిదొడుకులకు కదలదు, ఒక హద్దు దాటితే ఒక్కసారిగా వదిలేస్తుంది. ఈ లెక్క చేశాకే నాకు డైమర్, అంటే జంట, అన్న మాట ఎందుకంత ముఖ్యమో తలకెక్కింది. మీరూ ఒకసారి కాగితం మీద చేయండి.

ఇప్పుడు యూవీ. చాలామంది జవాబు పత్రాల్లో "యూవీ కిరణాలు రిప్రెసర్‌ను కత్తిరిస్తాయి" అని రాస్తారు. అది తప్పు. యూవీ దెబ్బ తీసేది డీఎన్‌ఏను. దెబ్బతిన్న చోట నకలు తీసే యంత్రం ఆగిపోయి ఒంటి తంతువు డీఎన్‌ఏ బయటపడుతుంది. దాని మీద ఆర్ఈసీ-ఏ అనే బ్యాక్టీరియా ప్రొటీన్ వరుసగా పేరుకుని తీగలా తయారవుతుంది. కణానికి అది ప్రమాద ఘంటిక. ఆ తీగ సీ-వన్‌ను తాకుతుంది, సీ-వన్ 111వ ఎలనిన్‌కు, 112వ గ్లైసిన్‌కు మధ్య తెగిపోతుంది. ఆ చోటు ఎక్కడుందో చూడండి: రెండు కుండల మధ్య తాడులో.

రెండో పొరపాటు ఇంకా ఎక్కువమంది చేస్తారు: "ఆర్ఈసీ-ఏ కత్తిరిస్తుంది" అనడం. 1975లో జెఫ్రీ రాబర్ట్స్, క్రిస్టీన్ రాబర్ట్స్ రిప్రెసర్ తెగుతోందని చూపించిన తర్వాత కొన్నాళ్లు అందరూ అలాగే అనుకున్నారు. కానీ 1980ల మొదట్లో జాన్ లిటిల్, ఆర్ఈసీ-ఏ లేకుండానే, పీహెచ్ పెంచితే చాలు, ఈ ప్రొటీన్ తనను తానే కోసుకుంటుందని చూపించాడు. కత్తి సీ-డొమైన్‌లోనే ఉంది: 149వ సెరీన్, 192వ లైసీన్. ఆర్ఈసీ-ఏ చేసేదల్లా తాడును ఆ కత్తి కిందకు వచ్చేలా చేయడం. కాబట్టి దాన్ని 'కోప్రొటియేజ్' (కోతకు తోడ్పడేది) అని రాయాలి, ప్రొటియేజ్ (ప్రొటీన్‌ను కోసేది) అని కాదు.

తెగాక ఏమవుతుంది? ఎన్-ముక్కకు ఇప్పటికీ ఆపరేటర్ గుర్తుపట్టడం తెలుసు. మూడో హీలిక్స్ అక్కడే ఉంది, 44వ గ్లుటమిన్ అక్కడే ఉంది. కానీ దాన్ని జంటగా కట్టి ఉంచిన సీ-డొమైన్ పోయింది. జంట విడిపోతుంది, పక్కవాడి చెయ్యి జారుతుంది, ఉచ్చు వదులవుతుంది, డీఎన్‌ఏ నుంచి రాలిపోతుంది. ఇందాక చేసిన లెక్క గుర్తు తెచ్చుకోండి. మోతాదు కొన్ని రెట్లు తగ్గేసరికి పట్టు కుప్పకూలుతుంది. పీఆర్ తెరుచుకుంటుంది. క్రో తయారవుతుంది. క్రో చిన్న ప్రొటీన్, 66 అమైనో ఆమ్లాలే, దానికీ హీలిక్స్-టర్న్-హీలిక్స్ ఉంది, అవే మూడు చోట్ల కూర్చుంటుంది, కానీ దానికి మొదటి ఇష్టం ఓఆర్3. అక్కడ కూర్చుని సీ-వన్ తయారీని మూసేస్తుంది. ఇక వెనక్కి తిరగడానికి దారి లేదు. 37 డిగ్రీల దగ్గర సుమారు ముప్పావు గంటలో కణం పగిలి, వంద దాకా కొత్త ఫేజ్‌లు బయటకొస్తాయి.

బ్యాక్టీరియా సొంత రిప్రెసర్ లెక్స్-ఏ కూడా ఇదే పద్ధతిలో, ఇలాగే ఒక ఎలనిన్-గ్లైసిన్ మధ్య తెగుతుంది. అది తెగితే డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు మొదలవుతాయి. అయితే సీ-వన్, లెక్స్-ఏ కన్నా చాలా మెల్లగా తెగుతుంది. అంటే చిన్న దెబ్బ అయితే ఆతిథేయి కణం మరమ్మతు చేసుకుని బతుకుతుంది, ఫేజ్ కదలదు. దెబ్బ పెద్దదైతేనే ఫేజ్ తన దారి చూసుకుంటుంది. నా దృష్టిలో ఈ ప్రొటీన్‌లో అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది ఇదే. తాడులో తెగే చోటు, ఆ తెగే వేగం, రెండూ కలిపి ఎప్పుడు దిగిపోవాలో నిర్ణయిస్తున్నాయి.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో జరిగింది ఒకటి చెబుతాను. సీ-వన్‌లో 857 అనే మ్యూటేషన్ ఉన్న లైసోజెన్‌తో పనిచేసేవాళ్లం. 66వ ఎలనిన్ బదులు థ్రియోనిన్. ఎన్-డొమైన్‌లో ఆ ఒక్క మార్పు వల్ల ప్రొటీన్ 30 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, 42 దగ్గర చెడిపోతుంది. యూవీ అక్కర్లేదు, వేడి చేస్తే చాలు ఫేజ్ లేస్తుంది. ఒక రాత్రి 30 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో మూడు ఫ్లాస్క్‌లు పెట్టి వెళ్లాను. థర్మోస్టాట్ పాడై రాత్రంతా వేడి 40 దాటింది. పొద్దున చూస్తే మజ్జిగలా చిక్కగా ఉండాల్సిన ఫ్లాస్క్‌లు గంజి తేటలా ఉన్నాయి, అడుగున తీగలు తీగలుగా కణాల తుక్కు, పైన నురగ. నెల రోజుల పని పోయిందని ఏడుపొచ్చింది. మా సీనియర్ అక్క ఆ ఫ్లాస్క్‌ను కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూపించి, "ఒక్క ఎలనిన్ మారితే ఏమవుతుందో చూశావా" అంది. అప్పటిదాకా 66 నాకు ఒక అంకె మాత్రమే. ఆ తర్వాత నేనెప్పుడూ ఇంక్యుబేటర్‌లో విడిగా ఒక థర్మామీటర్ పెట్టకుండా ఇంటికి వెళ్లలేదు. మీరూ పెట్టండి.

ఇదంతా పాత ఫేజ్ కథ, ఇప్పుడు దేనికి అని మీ తోటివాళ్లు అడిగితే ఒకటి చెప్పండి. మనుషులకు రక్త విరేచనాలు, కిడ్నీ దెబ్బ తెచ్చే ఇ.కోలై ఓ157లో షిగా టాక్సిన్ జన్యువు ఉండేది లాంబ్డా బంధువుల ఫేజ్ మీదే. అక్కడా ఇలాంటి రిప్రెసరే నిద్రపుచ్చుతుంది, అక్కడా డీఎన్‌ఏ దెబ్బతింటే అది తెగుతుంది. డీఎన్‌ఏను దెబ్బతీసే క్వినోలోన్ రకం యాంటీబయాటిక్‌లు వేస్తే ల్యాబ్‌లో టాక్సిన్ పెరుగుతుంది. ఆ ఇన్‌ఫెక్షన్‌లో యాంటీబయాటిక్ వాడకంపై డాక్టర్లు అంత జాగ్రత్త పడడానికి ఇదీ ఒక కారణం. ఇంకో వైపు, 2000లో సింథటిక్ బయాలజీ మొదలైంది అని చెప్పుకునే రెండు సర్క్యూట్లలోనూ, అంటే టాగుల్ స్విచ్‌లోనూ రిప్రెసిలేటర్‌లోనూ, లాంబ్డా సీ-వన్ ఒక భాగం.

పరీక్షకు ఎలా చదవాలి అంటే, ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు చోట్లు గీయండి, రెండు ప్రమోటర్లకు చెరో బాణం వేయండి, కావడిలాంటి జంటలు కూర్చోబెట్టండి. తర్వాత ఆ బొమ్మ మీదే ఒక్కొక్క మ్యూటేషన్ పెట్టి ఏమవుతుందో చెప్పుకోండి: 38 మారితే? 66 మారితే? 111 పక్కన తెగకపోతే? ఆర్ఈసీ-ఏ లేని కణంలో యూవీ కొడితే ఫేజ్ లేస్తుందా? అదే కణంలో 857 ఉండి వేడి చేస్తే? చివరి రెండింటికీ జవాబులు వేరు: మొదటి దాంట్లో లేవదు, రెండో దాంట్లో లేస్తుంది. ఎందుకో మీరే చెప్పగలిగితే చాప్టర్ అయిపోయినట్టే.

చివరగా మీ ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉన్న ఒక గొట్టం గురించి. జెల్‌లో సైజు చూడ్డానికి పక్కన వేసే లాంబ్డా హిండ్-త్రీ మార్కర్, అంటే హిండ్-త్రీ అనే కోత ఎంజైమ్‌తో ముక్కలు చేసిన లాంబ్డా డీఎన్‌ఏ, ఉంటుంది కదా. దాని లేబుల్ మీదో, దాంతో వచ్చిన కాగితం మీదో సాధారణంగా మూడు గుర్తులు ఉంటాయి: సీ-వన్ 857, ఇండ్ 1, ఎస్-యామ్ 7. మొదటిది వేడికి చెడిపోయే 66వ స్థానపు మార్పు. మూడోది కణాన్ని పగలగొట్టే జన్యువు ఆగిపోవడం, ఫేజ్‌లు లోపలే పేరుకుంటాయి కాబట్టి ఎక్కువ డీఎన్‌ఏ తీసుకోవచ్చు. మధ్యలోది ఇండ్ 1: 117వ గ్లుటమిక్ ఆమ్లం లైసీన్‌గా మారింది, తెగే చోటుకు పక్కనే. ఆ మార్పుతో సీ-వన్ యూవీకి తెగదు. టాష్నీ 1967లో రిప్రెసర్‌ను వేరుచేసేటప్పుడు ఈ ఇండ్ రకం ఫేజ్‌నే వాడాడు. కణాలకు అంత యూవీ కొట్టాక మామూలు రిప్రెసర్ అయితే తెగిపోయేది.

ఆ ఇండ్ 1 మార్పు వల్ల అక్కడ డీఎన్‌ఏ అక్షరాలు కొత్తగా ఒక హిండ్-త్రీ కోత చోటుగా మారాయి. మామూలు లాంబ్డాకు హిండ్-త్రీ వేస్తే ఏడు ముక్కలు రావాలి, మార్కర్‌లో ఎనిమిది వస్తాయి. ఎనిమిదోది 125 బేస్ జతల బుల్లి ముక్క, చాలాసార్లు జెల్ చివరి నుంచి కారిపోతుంది, మనం చూడం కూడా. ఆ ముక్క మొత్తం సీ-వన్ జన్యువు లోపలిదే. ఒక కొన 117 దగ్గర మొదలవుతుంది, మధ్యలో 149వ సెరీన్, అంటే రిప్రెసర్ తనను తాను కోసుకునే కత్తి, దాని కోడ్ ఉంది. ఈసారి రెండు శాతం అగరోజ్ వేసి, కొంచెం ఎక్కువ డీఎన్‌ఏ లోడ్ చేసి, డై మరీ కిందకు దిగకముందే ఆపండి. అడుగున పలచగా ఒక గీత కనబడుతుంది.